దిక్సూచికి తగిలిన దిష్టి

1938లో ఆదోనిలో సొరంగ శాస్త్రానికి జరిగిన మహోపకారాన్ని ఏ పుస్తకమూ ఎక్కించుకోలేదు. నష్టం పుస్తకాలకే. ఊరి చెరువు నీళ్లను కొండను తొలిచి అవతలి పల్లెకు పంపాలని మా కమిటీ తీర్మానించింది. ఆ పల్లె ఆడవాళ్లు నీళ్లకోసం కొండ చుట్టూ మూడు మైళ్లు నడిచేవారు. అధ్యక్షులు వెంకటకృష్ణయ్య శెట్టిగారు పత్తి వ్యాపారంలో తలమునకలై ఉండి కూడా తీరిక చేసుకుని కొబ్బరికాయ కొట్టారు.

లోపల చీకటి. దారి చెప్పడానికి సర్వేయరు దుర్గప్ప దగ్గర ఒకే ఒక దిక్సూచి ఉంది. అంత విలువైన వస్తువు మీద నలుగురి కళ్లూ పడతాయి కదా! అందుకని దాని ముక్కాలిపీటకు, శుభమని కుడివైపున, గుర్రపు నాడా కట్టారు.

నెల తిరిగేసరికి సొరంగం కుడికి వంగింది. కమిటీ అత్యవసరంగా సమావేశమై, దిష్టి గట్టిదని నిర్ధారించి, రెండో నాడా మంజూరు చేసింది. సొరంగం ఇంకాస్త వంగింది. మూడోది కట్టారు. ఆరో నాడా నాటికి ఊళ్లో జట్కా గుర్రాలు ఒట్టి కాళ్లతో తిరుగుతున్నాయి.

రాళ్లు కొట్టే మద్దయ్యది అవతలి పల్లె. భార్య సువార్తమ్మకు ఏడో నెల. పాపం, ఆగలేకపోయాడు.

"సామీ, ఆ ఇనుము తీసేయండి. సూది దానెంబడే పోతాంది. కప్పుకు రెండు దీపాలు ఏలాడగట్టి, రెండూ ఒకటే వరసలో ఉండాయా లేదా సూసుకుంటా తొలిస్తే సాలు."

శెట్టిగారు జాలిగా నవ్వారు. "ఏమప్పా మద్దయ్యా, మా తాతల కాలం నుంచి అంగడి గుమ్మానికి నాడా ఉండాది. అంగడి ఎప్పుడన్నా కుడికి వంగిందా?"

ఇంతటి తర్కానికి ముగ్ధులమై, సభ్యులమంతా ఏకగ్రీవంగా ఏడో నాడా కట్టాం.

రెండేళ్లకు సొరంగం చక్కగా గుండ్రం తిరిగి, బయలుదేరిన వైపుకే వచ్చి, శెట్టిగారి జిన్నింగు మిల్లు వెనక తేలింది. నీళ్లు బ్రహ్మాండంగా పారాయి. దుర్గప్ప నివేదిక సమర్పించాడు: "సొరంగపు దిశలో దోషమేమియు లేదు. పల్లెయే తప్పు స్థలమున ఉన్నది."

ప్రారంభోత్సవం వేళకు సువార్తమ్మ చెరువు నుంచి అటుగా పోతూ ఆగింది. నెత్తిన కడవ, చంకలో బిడ్డ. కడవ దించి చప్పట్లు కొట్టమని, పెద్దల ముందు అది మర్యాద అని ఆమెను మందలించింది నేనే. ఆమె కడవ దించలేదు. మీరు నవ్వకండి. ఆ రోజు చప్పట్లు కొట్టనిది ఆమె ఒక్కతే.