ఇంటర్న్‌గారి రోడ్డు

"నగర భవిష్యత్తును ఇవాళ్టి నుంచి యువత చేతిలో పెడుతున్నాను" అని నగరాభివృద్ధి మంత్రిగారు ప్రకటించారు. ప్లానింగ్ డిగ్రీ చదివే ప్రతి విద్యార్థికీ ప్రభుత్వ కార్యాలయంలో ఇంటర్న్‌షిప్ దొరికి తీరుతుందన్నారు. అంత పెద్ద మాట అన్నాక ఎవరికైనా దాహం వేస్తుంది. మంత్రిగారు మంచినీళ్లు తాగి కూర్చున్నారు.

పేపర్లో ఆ ప్రకటన చదివి మురిసిపోయినవాళ్లలో ప్లానింగ్ చివరి సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి ఉంది. ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ చూపించకపోతే ఆమెకు యూనివర్సిటీ డిగ్రీ ఇవ్వదు. అప్పటికే ఊళ్లో ఉన్న ఆఫీసులన్నిటికీ చెప్పులరిగేలా తిరిగింది. ఒకచోట, అనుభవం ఉన్నవాళ్లకే అనుభవం ఇస్తామన్నారు. ఇంకోచోట కుర్చీ ఖాళీ లేదన్నారు. ఇంటి నుంచి తెచ్చుకుంటానంటే, అది వేసుకునే చోటు తమ ప్లాన్‌లో లేదన్నారు. ప్లానింగ్ అంటే అలా ఉండాలి మరి.

ఆ పిల్లని చిన్నప్పటి నుంచి పెంచింది మేనమామ. మార్కెట్ వెనక సందులో ఆయనకు సైకిల్ షాపుంది. నగర ప్రధాన ప్రణాళికాధికారిగారు ఆరోగ్యం కోసం పొద్దున్నే తొక్కే సైకిల్‌కి గాలి కొట్టేది ఆయనే. పైవాళ్లతో అంత దగ్గరి సంబంధం ఆ సందులో మరెవరికీ లేదు.

"సార్, మా మేనకోడలికి మీ ఆఫీసులో ఓ మూల చోటిప్పించండి" అన్నాడు ఒకరోజు, పంపు కొట్టడం మధ్యలో ఆపి.

"ఇంటర్న్‌లతో పెద్ద తలనొప్పయ్యా. ఊరికే ప్రశ్నలడుగుతారు."

"మా పిల్ల అడగదు సార్. నెమ్మదస్తురాలు."

అధికారిగారు సగం గాలితో ఉన్న చక్రం వంక చూసి, ఆలోచిద్దాం అన్నారు. పంపు మళ్లీ కదిలింది.

ఆయన ఆలోచన కొన్ని నెలలు సాగింది. ఉన్నట్టుండి ఒకరోజు ఆయనే నడుచుకుంటూ షాపుకొచ్చి, "రేపే పంపించు మీ అమ్మాయిని. ఫ్యాను కింద కుర్చీ వేయించాను" అన్నారు. మావయ్యకి కళ్లు చెమర్చాయి. తన గాలికి ఇంత విలువుందని ఆయనకి అప్పటిదాకా తెలీదు.

ఆయనకి తెలియనిది ఇంకొకటుంది. వంతెన నుంచి మార్కెట్‌కి వెయ్యబోయే కొత్త రోడ్డు ఫైలు అంతకుముందు వారమే ఆఫీసుకొచ్చింది. ఆ రోడ్డు నేరుగా వెళ్తే మంత్రిగారి వియ్యంకుడి కార్ల షోరూం అడ్డొస్తుంది. "రోడ్డు అక్కడ కాస్త ఒంగితే బావుంటుంది" అని మంత్రిగారు నోటిమాటగా సెలవిచ్చారు. ఆ వంపు కాగితం మీద ఎవరో ఒకరు గీసి, కింద పేరు రాసుకోవాలి. ప్రధానాధికారి ఆ పని డిప్యూటీకి అప్పగించారు. డిప్యూటీ తగిన మార్గదర్శనం కోసం తిరిగి ప్రధానాధికారికే పంపారు. మ్యాపులు గీసే డ్రాఫ్ట్స్‌మన్‌కి ఆ మ్యాపు విప్పగానే భుజం పట్టేసింది. అప్పుడే అందరికీ యువత మీద ఒక్కసారిగా ప్రేమ పుట్టుకొచ్చింది.

ఆఫీసులో అమ్మాయికి అడక్కుండానే టీ వచ్చేది. అందరూ 'మేడమ్' అనేవాళ్లు. ఆమె కొలతలన్నీ చూసుకుని, చదువుకున్నది చదువుకున్నట్టు నేరుగా గీత గీసింది.

"అద్భుతం మేడమ్" అన్నారు డిప్యూటీగారు. "కాస్త యూత్‌ఫుల్‌గా ఉంటే ఇంకా బావుండేది."

"అంటే ఎలా సార్?"

"నేరుగా పోవడం పాతకాలం పద్ధతి. ఇక్కడొక డైనమిక్ కర్వ్ పడాలి."

"అలా తిప్పితే మార్కెట్ వెనక సందులో షాపులన్నీ పోతాయి సార్."

"అది ఇంపాక్ట్ స్టడీ మేడమ్. అది వేరే సెక్షన్ చూసుకుంటుంది."

"నేను వెయ్యలేను సార్."

"మీకెందుకు శ్రమ. వేసేశాం. కింద మీ పేరు కూడా పెట్టేశాం."

"మీ పేరు పెట్టుకోవచ్చుగా?"

"నాకు ఉద్యోగం ఉంది కదా మేడమ్" అన్నారు డిప్యూటీగారు ఎంతో మర్యాదగా.

ఆమె వెళ్లి ప్రధానాధికారితో మొరపెట్టుకుంది. ఆయన సాంతం విన్నారు. "చూడమ్మా, ఈ ఆఫీసులో ఎవరినీ బలవంతపెట్టం. నీ సర్టిఫికెట్ మీద సంతకం చెయ్యమని నన్నూ ఎవరూ బలవంతపెట్టలేరు" అన్నారు. ప్రజాస్వామ్యాన్ని ఇంత క్లుప్తంగా చెప్పినవారు అరుదు.

ఆ సాయంత్రం మావయ్య అడిగాడు: "ఆఫీసు ఎలా ఉంది అమ్మడూ?"

"బావుంది మావయ్యా. మేడమ్ అంటున్నారు."

ఆయన ఆ మాట పంక్చరుకొచ్చినవాళ్లందరికీ చెప్పుకున్నాడు. వంపు సంగతి మాత్రం ఆమె సిగ్గుతో ఆయనకి చెప్పలేకపోయింది.

రోడ్డు గురించి ప్రజాభిప్రాయ సేకరణ ఒక స్కూలు హాల్లో పెట్టారు. పదవిలో ఉన్నవాళ్లు ఎదుటివాళ్ల ఘనతను తమ ఖాతాలో వేసుకుంటారని లోకంలో ఒక అపవాదుంది. మంత్రిగారు దాన్ని ఆరోజు చెరిపేశారు. "ఈ రోడ్డులో నా ప్రమేయం వెంట్రుకవాసి కూడా లేదు. మొత్తం ఈ చిట్టితల్లే గీసింది. అభ్యంతరాలుంటే నన్ను కాదు, ఈ తల్లినే అడగండి" అంటూ ఆమెను వేదిక ముందుకి తెచ్చి నిలబెట్టారు. పక్కనే ప్రధానాధికారి సర్టిఫికెట్‌తో సిద్ధంగా ఉన్నారు. పెన్ను మూత తీసే ఉంది, సంతకం మాత్రం ఇంకా పడలేదు.

తెర మీద మ్యాపు వెలిగింది. వంపు సరిగ్గా సందు మీదుగా పోయింది. సందువాళ్లంతా ముందు మ్యాపుని, తర్వాత అమ్మాయిని, ఆ తర్వాత సైకిల్ షాపాయన్ని చూశారు.

"నువ్వే అడుగు. మీ పిల్లేగా గీసింది" అని సందులోని టైలరు ఆయన చేతిలో మైకు కుక్కాడు.

మావయ్య లేచి నిలబడ్డాడు. మ్యాపు మీద తన షాపెక్కడుందో ఆయనకి ఒకరు చూపించక్కర్లేదు. అక్కడ రోడ్డుంది. మేనకోడలి మొహం చూశాడు. అధికారిగారి చేతిలో పెన్ను చూశాడు. ఆయనకి కొంత అర్థమైంది.

"నాది ఒకటే ప్రశ్న సార్" అన్నాడు. "మా అమ్మాయికి సర్టిఫికెట్ ఎప్పుడిస్తారు?"

మంత్రిగారే ముందు తేరుకుని చప్పట్లు కొట్టారు. ప్రధానాధికారి కాగితం మీదికి వంగారు.

అమ్మాయి ఏడుస్తూ వేదిక మీది మైకు లాక్కుంది. "మావయ్యా, ఈ వంపు నేను వెయ్యలేదు. నేను నేరుగా గీశాను. మంత్రిగారి వియ్యంకుడి షోరూం పోతుందని వీళ్లు వంచి నా పేరు పెట్టారు. నీ షాపు పడగొట్టించి తెచ్చుకునే డిగ్రీ నాకొద్దు."

ప్రధానాధికారి పెన్నుకి మూత పెట్టి జేబులో పెట్టుకున్నారు. సందువాళ్లంతా ఒక్క ఉదుటున లేచారు. సరిగ్గా అప్పుడే మంత్రిగారికి ఇంకో ఊళ్లో ఇంకో సభ ఉన్న సంగతి గుర్తొచ్చింది.

మర్నాడు నగర ప్రణాళికా కార్యాలయం పత్రికలకు ప్రకటన విడుదల చేసింది: "ప్రజాభిప్రాయ సేకరణ ప్రశాంతంగా ముగిసింది. అభ్యంతరాలు ఏవీ రాలేదు. ప్రజల నుంచి ఒక ప్రశ్న వచ్చింది; దాన్ని సానుకూలంగా పరిశీలిస్తున్నారు. చివరగా ఇంటర్న్ వందన సమర్పణ చేశారు."