ఎండపొడలో మొక్క

సిరిగూడ కొండ మీది చెట్లన్నీ కొట్టి లారీలకెత్తాక, వాటి నీడ అక్కడే మిగిలిపోయింది. నీడను తరలించే సంగతి కాంట్రాక్టులో లేదు కాబట్టి ఎవరూ దాన్ని కదపలేదు.

నెలకోసారి అటవీ ఆఫీసు నుంచి తాతబాబు వచ్చి, గుర్తు పెట్టిన గుంజల దగ్గర మీటరు ఉంచి, నేల దాకా ఎంత వెలుతురు దిగుతోందో కొలిచేవాడు. ఎప్పటిలాగే కొంచెమే దిగేది. అందువల్ల సిరిగూడ దట్టమైన అడవిగానే కొనసాగింది. విస్తళ్లకు ఏరుకోవడానికి అడ్డాకులు లేవు, ఉసిరికాయలు లేవు. పోనీ చోళ్లు చల్లుకుంటామని ఊరివాళ్లు అర్జీ పెడితే, అడవిలో సాగు కుదరదని జవాబు వచ్చింది. కొందరు దొంగతనంగా చల్లారు గానీ, ఎండ లేక అవి మొలవలేదు.

ఒక్క తేడా మాత్రం ఉంది. మునుపు గాలికి ఆకులు కదిలినప్పుడల్లా ఎండపొడలు నేల మీద తిరుగుతూ ఉండేవి. ఇప్పుడు కదలడానికి ఆకులు లేవు కనుక, నరికినప్పుడు ఎక్కడున్నవి అక్కడే ఆగిపోయాయి. ఊరికి దగ్గరలో ఒక్కటే ఉంది, చేటంత. మిరపకాయలు ఎండబెట్టుకోవడానికి ఆడవాళ్లు అక్కడ వంతులు వేసుకున్నారు.

కిల్లో రస్మోకి పుట్టిన పాప ఒళ్లు పచ్చబడింది. నర్సమ్మ చూసి, కామెర్లని, పొద్దుటెండ తగలనివ్వమని, తగ్గకపోతే కింద ఆస్పత్రికి తెమ్మని చెప్పి వెళ్లింది. ఆడవాళ్లు తమ వంతులన్నీ రస్మోకి వదిలేశారు. నాలుగు పొద్దులు ఎండ తగిలేసరికి పాప కళ్లు కాస్త తెల్లబడ్డాయి. పాలు కూడా తాగసాగింది.

అప్పుడు తాతబాబు ముళ్లతీగ చుట్టతో వచ్చాడు. ఈసారి ఎండపొడలను విడిగా కొలవమన్నారట. మీటరు వారంపాటు అక్కడే ఉండాలి, దాని మీద ఏదీ అడ్డు రాకూడదు.

"వారం పోయాక తెస్తే పాపకి పనికొస్తాదా బాబూ?" అని రస్మో అడిగింది.

"అది నాను సెప్పలేనమ్మా. ఆరోగ్యం వేరే శాఖ," అన్నాడు తాతబాబు. అన్నాక తీగ కట్టాడు.

పాప మళ్లీ పచ్చబడింది. రస్మో పాపను గుడ్డలో కట్టుకుని కిందికి బయలుదేరింది. లారీల కోసం వేసిన రోడ్డును, దట్టమైన అడవిలో రోడ్డు ఉండరాదని అప్పటికే తవ్వించేశారు. ఆమె గోతులు దిగి ఎక్కుతూ ఉండగా, కొండ మీద మీటరులో వెలుతురు ఒక్కసారిగా తగ్గింది.

తాతబాబు వెళ్లి చూస్తే, ఎండపొడ మధ్యలో పసిబిడ్డంత చిన్న నీడ పడి ఉంది. దాని పిడికిలి ఒకటి మూసి ఉంది. పైన ఏమీ లేదు.

అడవి నీడలో ఖాళీ కొంత పూడినందుకు ఆఫీసులో సంతోషించారు. మరుసటి నెల తాతబాబు వచ్చేసరికి, తీగ తీసేసిన చోట రస్మో ఖాళీ గుడ్డ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

"దీన్ని ఏటని రాస్తారు బాబూ?"

"మొక్క అని రాస్తానమ్మా. ఇంకోలా రాయడానికి గడి లేదు."



"రాయండి. పెరిగిందో లేదో మాత్రం సరిగ్గా కొలవండి."

అప్పటినుంచి అతను ప్రతి నెలా వచ్చి కొలుస్తున్నాడు. అతను మీటరు తీయగానే, ఎవరూ చెప్పకుండానే రస్మో లేచి దూరంగా నిలబడుతుంది, తన నీడ దాని మీద పడకుండా.