ఫిర్యాదు లేని రొట్టె

బాగా నడిచే వ్యాపారాన్ని అలాగే నడవనివ్వడం మహాపాపం. రోజూ ఏదో ఒకటి మెరుగుపరుస్తూ ఉండాల్సిందే. నమ్మకం కుదరలేదా? అయితే మా బావ రొట్టెల కొట్టు సంగతి వినండి.

బావ కాల్చే రొట్టె అడుగున కాస్త మాడేది. పైన పెళుసు. కోస్తే బల్లంతా పొడి. అయినా తెల్లారేసరికి కొట్టు ముందు జనం. ప్రతివాళ్లకీ ఓ సణుగుడు. "ఇవాళా మాడ్చావా, మహానుభావా" అంటూనే టైలరు రెండు పట్టుకుపోయేవాడు. "నా పళ్లు నీ రొట్టెకే అరిగిపోయాయి" అని రిటైర్డ్ మాస్టారు రోజూ వచ్చి మరీ తిట్టేవారు.

పదిమంది మెచ్చుకుంటే బావ చెవికెక్కదు. ఒక్కరు పెదవి విరిస్తే చాలు, ఆ పూట ముద్ద దిగదు. ఇంప్రూవ్‌మెంట్‌కి ఇంతకంటే తగిన మనిషి దొరుకుతాడా?

ముందు మాడు పోయింది. మాస్టారి పళ్ల కోసం పెళుసు పోయింది. ఎవరో అన్నారని ఉప్పు తగ్గింది. ఆ వాసనకి తనకి తెల్లవారుజామునే మెలకువ వచ్చేస్తోందని పక్కింటావిడ అంటే, వాసన కూడా పోయింది! వాసన లేకుండా రొట్టె కాల్చడమంటే మాటలా? అదీ సాధించాడు.

చివరికి దూదిలా తెల్లగా, ఎవరినీ నొప్పించని రొట్టె తయారైంది. ఫిర్యాదన్నదే లేదు. చెయ్యడానికి మనిషంటూ వస్తేగా!

"చూశావా, ఎవరూ ఒక్క మాట అనడం లేదు" అన్నాడు బావ.

"అనడానికి ఈగ కూడా రావడం లేదండీ" అంది అక్క. "ఇలాగే ఉంటే కొట్టు మూసుకోవడమే."

మర్నాడు ఆయన లేవకముందే అక్క పాత పద్ధతిలోనే పిండి కలిపి, కాల్చి, పెరటి కిటికీ తెరిచింది. వాసన వీధి మలుపు తిరిగింది. టైలరు ఆ కిటికీ దగ్గరికే వచ్చాడు. మాస్టారు వచ్చారు. నిద్ర పాడైందని విసుక్కుంటూ పక్కింటావిడా వచ్చింది.

ముందు కొట్లో ఒంటరిగా కూర్చున్న బావ ఆ సణుగుళ్లు విన్నాడు. నచ్చనిదాన్ని మనుషులు తిట్టరు, ఊరికే మానేస్తారు. తిట్టేది తమదనుకున్నదాన్నే. ఆ ముక్క తట్టాక, వెళ్లి లైన్లో నిలబడ్డాడు. వంతు రాగానే రొట్టె తిరగేసి చూశాడు.

"అడుగు మాడింది."

అక్క తలెత్తలేదు. "కావాలంటే తీసుకోండి, లేదంటే జరగండి. వెనక జనం ఉన్నారు."

బావ రెండు పట్టుకుపోయాడు.