కళ్ళు మూసుకున్న ప్రచారం

ఆ శుక్రవారం కెనడాలో, బ్రాంప్టన్‌లోని పాస్టర్ గారి ఇంట్లో ఉన్నవాళ్ళు: పాస్టర్ జీవరత్నం గారు, వారి భార్య సువార్త, ఉపవాస ప్రార్థనకు వచ్చిన పద్దెనిమిది మంది విశ్వాసులు, వార్డు కౌన్సిలర్ పదవికి నిలబడ్డ జనార్ధనరావు గారు, స్కూలుకు సెలవు కాబట్టి చరిత. చరిత సువార్త అక్కకూతురు. రెండేళ్ళ క్రితం పాలకొల్లు దగ్గర పల్లెటూరి బడి నుంచి వచ్చింది. మాటలన్నీ డైరీకే, మనుషులకు మిగల్చదు.

"మన సంఘానికీ రాజకీయాలకీ ఆమడ దూరం!" అని పాస్టర్ గారు ప్రకటించారు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది అభ్యర్థి గారే.

చర్చి ఎవరి తరఫునైనా ఓటడిగితే చారిటీ రిజిస్ట్రేషన్ పోతుంది. అది పోతే కానుకలకు ట్యాక్స్ మినహాయింపు రసీదులుండవు. రసీదు లేని భక్తి ఎన్నాళ్ళుంటుందో పాస్టర్ గారికి బాగా తెలుసు. పైగా ఇక్కడ ప్రచారం జరుగుతోందని ఎవరో ఫిర్యాదు చేశారు. రెండు గంటలకు ట్యాక్స్ ఆఫీసరమ్మ వస్తోంది.

"మరి నా సంగతేంటండీ? సోమవారమే పోలింగు," అన్నారు జనార్ధనరావు గారు.

పాస్టర్ గారు సామాన్యులు కారు. "కళ్ళు తెరిచి మాట్లాడితే ప్రచారం. మూసుకుని మాట్లాడితే ప్రార్థన. ప్రార్థనని ఏ గవర్నమెంటు ఆపుద్దండీ? అందరూ కళ్ళు మూసుకోండి!"

మూశారు.

"ప్రభువా! జనార్ధనరావు గారి పేరు బ్యాలెట్‌లో మూడోదని నీకు తెలుసు. పోలింగు పది నుంచి ఎనిమిది దాకా అనీ, రిక్రియేషన్ సెంటర్ వెనక పార్కింగ్ ఫ్రీ అనీ నీకు తెలియంది కాదు. రైడ్ కావాల్సినవాళ్ళు ఎవరికి ఫోన్ చెయ్యాలో ఎరిగినవాడవు తండ్రీ..."

నంబరు రెండుసార్లు చెప్పారు, దేవుడు రాసుకోవడానికి వీలుగా.

అభ్యర్థి గారు కూడా నియమం తప్పలేదు. కళ్ళు మూసుకునే కరపత్రాలు పంచబోయి, మొదటిది ఫ్రిజ్‌కి ఇచ్చి నమస్కారం పెట్టారు. రెండో అడుగులో సోఫా తగిలింది.

"ఒక్కళ్ళయినా చూడాలండీ!" అన్నారు మోకాలు రుద్దుకుంటూ.

"మా చరిత ఉందిగా," అంది సువార్త. "చూసినా నోరు విప్పదు. 'హాయ్' అనడానికే దానికి ఆర్నెల్లు పట్టింది."

చరిత ఆయన చొక్కా చెయ్యి పట్టుకుని హాలంతా తిప్పింది.

"ఇంకో రెండివ్వమ్మా," అన్నాడు విశ్వాసుల్లోంచి పండు అంకుల్, కళ్ళు తెరవకుండానే. "మా బేస్‌మెంట్‌లో స్టూడెంట్స్ ఉన్నారు."

ఇండియా నుంచి చదువుకోను వచ్చిన స్టూడెంట్స్‌కి ఇక్కడ ఓటు లేదని చెప్పాలనుకుంది చరిత. అయినా ఇంకో రెండిప్పించింది.

రెండింటికల్లా కరపత్రాలు బైబిళ్ళలోకి చేరాయి. ఆఫీసరమ్మ వచ్చింది. ఇక్కడ ఎన్నికల ప్రచారం జరగడం ఎవరైనా చూశారా అని ఇంగ్లీషులో అడిగింది.

"చూడలేదు," అన్నారు పద్దెనిమిది మందీ. అబద్ధమాడే మనుషులు కారు వాళ్ళు.

"నేనైతే ఫ్రిజ్‌నే చూడలేదు," అన్నారు అభ్యర్థి గారు.

ఆఫీసరమ్మ తృప్తిగా ఫైలు మూసింది. పాస్టర్ గారు స్తోత్రం చెప్పుకున్నారు. కోటు వేసుకుంటూ ఆఫీసరమ్మ, గది గుమ్మంలో నిలబడ్డ చరితను చూసి నవ్వింది.

"నువ్వూ ఏమీ చూడలేదా?"

అడిగి, జవాబు కోసం ఆగింది. ఈ రెండేళ్ళలో చరితను ఏదైనా అడిగి ఆగినవాళ్ళు లేరు. చరిత ముఖం వెలిగిపోయింది.

"చూశానండీ," అంది ఇంగ్లీషులో, స్పష్టంగా. "మొదట్నుంచీ చెప్పనా? ముందు బాబాయ్—"

"దీనికి బోల్డంత హోంవర్కుందండీ!" అంటూ సువార్త పరుగున వచ్చి, చరితను గదిలోకి నెట్టి తలుపేసేసింది.