క్లైంబింగ్ వాల్ ఉండగా క్లాసురూమెందుకు?

కాలేజీల్లో పాఠాలు చెప్పే దురాచారం త్వరలోనే అంతరించబోతోంది. ఈ శుభవార్త మీ చెవిన వేయడానికే ఈ వారం కలం పట్టాను.

నమ్మరా? అయితే మా అమ్మాయికి డిగ్రీ కాలేజీ వెతకడంలో మేం పడ్డ ఆనందం వినండి. ఔను, ఆనందమే!

అది ఇంజనీరింగ్ వద్దంది. మెడిసిన్ వద్దంది. లిబరల్ ఆర్ట్స్ చదువుతానంది. అంటే చరిత్ర, తత్వశాస్త్రం, సాహిత్యం, కాస్త లెక్కలు, కాస్త సంగీతం, అన్నీ కలిపి చదవడమట. మా బావమరిది గంభీరంగా తలాడించి, "లిబరల్ అంటే మార్కులు ఉదారంగా వేస్తారా బావా?" అని అడిగాడు.

మా ఆవిడ మాత్రం, "ఏం చదివినా సరే, చదువుతుంటే దాని మొహం వెలగాలి. స్కూల్లో ప్రశ్న అడిగినప్పుడల్లా కూర్చో కూర్చో అని దాన్ని మూగదాన్ని చేసి పెట్టారు" అంది. పాపం, బ్రోషర్లు చూడకముందు అందరూ ఇలాగే మాట్లాడతారు!

అబ్బ, ఏం బ్రోషర్లండీ అవి! ఏది తెరిచినా అదే పచ్చిక, ఆ పచ్చిక మీద అదే నవ్వు. ముగ్గురు విద్యార్థులు ఒకే లాప్‌టాప్‌లోకి చూస్తూ విరగబడి నవ్వుతుంటారు. అందులో అంత నవ్వొచ్చేది ఏముందో నాకిప్పటికీ అంతుపట్టలేదు. మనం కట్టబోయే ఫీజు కావచ్చు.

అన్నింట్లోకీ పచ్చిక ఎక్కువున్న కాలేజీకి నలుగురం బయల్దేరాం. అక్కడ మాకు గైడుగా వచ్చింది ఒక సీనియర్ విద్యార్థిని. మాకేసి తిరిగి, వెనక్కి నడుస్తూ మమ్మల్ని ముందుకు తీసుకెళ్లింది. ఉన్నత విద్యంటే అదే కదా! కలువల కొలను దగ్గరికి వచ్చేసరికి, "ఇది మా ధ్యాన కొల" అంటూనే అందులో పడింది. ముక్కులోంచి నీళ్లు కారుతుండగా లేచి, నవ్వు చెక్కుచెదరకుండా, "ను" అని మాట పూర్తి చేసింది. శిక్షణంటే అదీ!

ఆ తర్వాత క్లైంబింగ్ వాల్. మూడంతస్తుల ఎత్తు! పైకెక్కడం నేర్పాక ఇక నేర్పడానికి ఏం మిగిలింది? మా బావమరిది ఉత్సాహం పట్టలేక నడుముకు తాడు కట్టించుకుని ఎక్కేశాడు. సగంలో గబ్బిలంలా వేలాడుతూ, "దిగడం ఎలాగమ్మా?" అని అరిచాడు.

"దిగడం సెకండియర్లో సార్" అంది గైడు.

అతణ్ణి అక్కడే వదిలేసి కునుకు గది చూశాం. మెత్తటి పరుపులు, సన్నటి సంగీతం. నేను కళ్లు మూసి ప్రాక్టికల్స్ కూడా చేశాను. పరీక్షల భయం పోగొట్టుకోవడానికి నిమురుకునే కుక్కలను చూశాం. ఆ కుక్కలకొక డైరెక్టరు. డైరెక్టరుకు ఇద్దరు అసిస్టెంట్లు. ముగ్గురికీ వేర్వేరు గదులు. నా కళ్లు చెమర్చాయి.

సరిగ్గా అప్పుడే పానకంలో పుడకలా మా అమ్మాయి నోరు విప్పింది. "అక్కా, ఒక్క క్లాసు చూడొచ్చా?"

గైడు ఆగిపోయింది. అసిస్టెంట్లు మొహమొహాలు చూసుకున్నారు. మాతోపాటు టూరుకొచ్చిన తల్లిదండ్రులు మమ్మల్ని జాలిగా చూశారు.

"క్లాసా? అది టూర్లో లేదే!" అని గైడు బుర్ర గోక్కుంది. పాపం మంచి పిల్ల. అప్పటిదాకా వెనక్కే నడిచినది, మొదటిసారి ముందుకు తిరిగి, జిమ్ము వెనక మెట్లు దింపి, ఒక గది ముందు నిలబెట్టింది. లోపల అట్టపెట్టెల మధ్య నలుగురైదుగురు పిల్లలు. జుట్టు నెరిసిన ఒక మేడమ్, చేతిలో సుద్దముక్క.

"చనిపోయినవాళ్లకిచ్చిన మాట తప్పామనుకోండి. అన్యాయం ఎవరికి జరిగినట్టు?" అని అడుగుతోందావిడ.

గుమ్మంలో నిలబడ్డ మా అమ్మాయి చెయ్యెత్తింది! "మనకే మేడమ్. మాట మీద నిలబడతామని మన మీద మనం పెట్టుకున్న నమ్మకం పోయింది కదా."

"బాగుంది. మరి ఇచ్చిన మాటే మర్చిపోయామనుకో? అప్పుడు మన నమ్మకం చెక్కుచెదరదు. అన్యాయం జరగనట్టేనా?"

అమ్మాయి గుమ్మం దాటి ఒక అడుగు లోపలికేసింది. "తెలీదు మేడమ్. ఆలోచించాలి."

"నాకూ తెలీదు. రా, కూర్చో. కలిసి ఆలోచిద్దాం."

ఆ తర్వాత మా అమ్మాయి మొహం చూసి మా ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఎందుకో కొంగుతో కళ్లు తుడుచుకుంది. బహుశా గదిలో దుమ్ము వల్ల.

క్లాసయ్యాక, "దీన్ని మీ దగ్గరే చేర్పిస్తామండీ" అంది మా ఆవిడ.

మేడమ్ నవ్వింది. "వచ్చే ఏడు నేనుండనమ్మా. మా డిపార్ట్‌మెంట్ మూసేస్తున్నారు. ఈ గదిలో కుక్కలకి స్నానాలు చేయిస్తారట. నేను ఊరవతల ఒక చిన్న కాలేజీలో చేరుతున్నాను. అక్కడ పచ్చికా లేదు, కుక్కలూ లేవు. బెంచీలున్నాయి."

అంతే! మా అమ్మాయి ఆ బెంచీల కాలేజీలోనే చేరింది. నేను ఎంత మొత్తుకున్నా వినలేదు. గోడ పైనుంచి దించిన బావమరిది చేత కూడా చెప్పించాను.

ఫలితం అనుభవిస్తున్నాం. మొన్న భోజనాల దగ్గర మా బావమరిది, "లోకంలో అందరూ అనుకునేదే కదా" అన్నాడు. "అందరూ అంటే ఎవరెవరు మామయ్యా?" అంది మా అమ్మాయి. ఎవరెవరో వేళ్ల మీద లెక్కపెడుతుంటే అతని చేతిలోనే అన్నం ముద్ద ఎండిపోయింది. మా ఆవిడకూ ఈ జబ్బు అంటుకుంది. ముప్పై ఏళ్లుగా నేను చెబుతున్న అభిప్రాయాలకు ఆధారాలు అడుగుతోంది!

కనుక తల్లిదండ్రులారా, ఇంట్లో ప్రశాంతత కోరుకుంటే కొలను చూడండి, గోడ చూడండి, కుక్కలను చూడండి. పొరపాటున ఎక్కడైనా నిజంగా పాఠం చెప్పేవాళ్లు తారసపడితే మాత్రం, పిల్లల రెక్క పట్టుకుని వెనక్కి చూడకుండా పరుగెత్తండి!

ఇంతవరకూ రాశానో లేదో, మా అమ్మాయి నా భుజం మీదుగా తొంగిచూసి మొత్తం చదివేసింది.

"నాన్నా, కాలేజీలో పాఠాలు అక్కర్లేదని నువ్వు నిజంగానే అనుకుంటున్నావా?"

"నిస్సందేహంగా" అన్నాను.

"మరి నేను ఇంటికి రాగానే, చెప్పులైనా విప్పనివ్వకుండా, ఇవాళ మేడమ్ ఏం అడిగారే అని గుమ్మంలోనే పట్టుకుంటావెందుకు?"

చూశారా! పిల్లలకు చదువు చెబితే ఇలాగే ఉంటుంది!