ఒంట్లో దొంగ తూకం

మనిషి ఒళ్లు లోకంలోకెల్లా పాతదైన సర్కారీ ఆఫీసు. పైనుంచి వచ్చిన ఉత్తర్వు అందులోని కింది శాఖలకు సకాలంలో అందినట్టు ఇంతవరకూ దాఖలాలు లేవు.

తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు గారి ఒంట్లోనూ ఇదే జరిగింది. ఏళ్ల తరబడి ఆయన రక్తంలో చక్కెర మూడు వందలకు తగ్గకుండా దర్జాగా కొలువుండేది. “ఇలాగే ఉంటే చూపు మీద ఆశ వదులుకోండి” అని కళ్ల డాక్టరు అన్నాక మందులు మారాయి, తిండి మారింది, చక్కెర నూట ఇరవైకి దిగింది. దిగిన సంగతి మాత్రం శాఖలకు ఎవరూ చెప్పలేదు. మూడు వందలే తమ న్యాయమైన వాటా అని నమ్మిన గుండెదడ, చెమట, చేతివణుకు శాఖలు (వీటికి పగలు పని తక్కువ) ఒక అర్ధరాత్రి ఉమ్మడిగా అత్యవసర పరిస్థితి ప్రకటించాయి.

“ఇదిగో, లే! షుగర్ పడిపోయింది. నా పని అయిపోయింది!”

భార్య హడలిపోయి లేచి, నాలుగు చెంచాల చక్కెర నోట్లో పోసింది. పొద్దున మీటరు మూడు వందల పది చూపించింది. శాఖలన్నీ సంతృప్తి వ్యక్తం చేశాయి.

షుగరు డాక్టరమ్మ నిదానంగా చెప్పింది. “ఇది దొంగ లో షుగరండీ. ఒంటికి ఎక్కువ షుగరే అలవాటైపోయి, సరిగ్గా ఉన్నా తక్కువైనట్టు తోస్తోంది. ముందు మీటరు చూడండి. డెబ్బై కంటే తక్కువుంటే వెంటనే గ్లూకోజ్ బిళ్లలు వేసుకోండి. లేదంటే నీళ్లు తాగి కాసేపు కూర్చోండి. కొన్ని వారాల్లో ఒళ్లే దారికొస్తుంది.”

ఇన్‌స్పెక్టరు గారికి తల కొట్టేసినట్టయింది. ఇలా తప్పు చూపించే కాటా ఏ కొట్లో దొరికినా ఆయన అక్కడికక్కడే జప్తు చేసేవారు. (సొంత ఒంటిని జప్తు చేసే నిబంధన లేదు. వెతికారు.)

దాంతో ఇంట్లో రాత్రిపూట చక్కెర మంజూరు విధానం అమల్లోకి వచ్చింది. మంజూరు అధికారి భార్య. అర్జీదారు వేలు గుచ్చుకుని అంకె చూపించాలి. చెమట, వణుకు, ‘నా మాట మీద నమ్మకం లేదా’ అన్న నిలదీత సాక్ష్యంగా చెల్లవు.

“ఎంతుంది?”

“నూట పద్దెనిమిది. మీటరే తప్పేమో!”

“సాయంత్రం మీరే కదండీ తనిఖీ చేసి బాగుందన్నారు? నీళ్లు తాగండి.”

“పోనీ, ఒక్క బిస్కెట్టు?”

“కళ్లు కావాలా, బిస్కెట్టు కావాలా?”

ఆయన మంచం మీద కూర్చుని, నిద్రకళ్లతో ఉన్న ఆమె ముఖాన్ని తేరిపార చూశారు. ఈ ముఖం ఇక కనబడకుండా పోతుందేమోనని నిజంగానే భయమేసింది. గ్లాసెడు నీళ్లూ గుటగుటా తాగేశారు. గుండె నెమ్మదించేదాకా ఆయన వీపు మీంచి ఆమె చెయ్యి తీయలేదు. ఆ రాత్రే కాదు, ఆ తర్వాత ఏ రాత్రీ తీయలేదు.

వారాలు గడిచాక ఉత్తర్వు ఎట్టకేలకు శాఖలకు చేరింది. దడ లేదు, చెమట లేదు. డాక్టరమ్మ మెచ్చుకుంది, “భలే పట్టుదలండీ మీది!” ఇన్‌స్పెక్టరు గారు ఆ మెప్పును వినమ్రంగా ఒక్కరే స్వీకరించారు. (మందుల సంచి భార్య పట్టుకుంది.)

ఆ రాత్రి ఆయన గురక గోడలు దాటింది. రోజూ ఆయన కోసం లేచే వేళకు భార్య ఉలిక్కిపడి లేచి కూర్చుంది. ఒళ్లంతా చెమట.

“ఏమండీ, గుండె దడదడలాడుతోంది. నిద్ర పట్టడం లేదు.”

ఇన్‌స్పెక్టరు గారు కళ్లు తెరవకుండానే విచారణ పూర్తి చేశారు.

“నీకు షుగరే లేదుగా,” అని ధ్రువీకరించి, అటు తిరిగి పడుకున్నారు.