రాలేదని వచ్చిన మెసేజ్

సోమవారం పొద్దున తిరుమల టీచర్ దేవుడి పటం ముందు హారతి పళ్లెం పక్కనే తన ఫోన్ కూడా పెట్టి దండం పెట్టుకుంది. ఆ రోజు బడిలో ఆమె చేయవలసిన పనులు రెండే. పిల్లల హాజరు యాప్‌లో వేయాలి, పాఠం ప్రొజెక్టర్ మీద చెప్పాలి. రెండింటికీ ఫోనే ఆధారం. ఆ ఫోనంటేనే ఆమెకు భయం.

అంతకన్నా ఎక్కువ భయం కరస్పాండెంట్ వేణుమాధవ్ సార్ అంటే. శనివారం మీటింగులో ఆయన, "సోమవారం సంది అంతా డిజిటలే. చాతగాదన్నోళ్లు ఇంట్ల కూసోవచ్చు," అని, చివరి మాట దగ్గర ఆమె వైపే చూశాడు. గోదావరిఖనిలో గని కార్మికుల క్వార్టర్లను ఆనుకుని ఉన్న నాలుగు గదుల ప్రైవేటు బడి అది. తిరుమల అక్కడ మూడో తరగతికి చెబుతుంది. సుద్దముక్క చేతిలో ఉంటే ఆమెకు ఎదురులేదు. ఫోన్ చేతిలోకి వస్తే మాత్రం వేళ్లు వణుకుతాయి.

ఎండలు ముదరడంతో ఒంటిపూట బడి నడుస్తోంది. ప్రార్థన కాగానే తిరుమల యాప్ తెరిచింది. పిల్లల పేర్లు వరుసగా వచ్చాయి. ప్రతి పేరు పక్కన ఒక చిన్న గడి ఉంది. కళ్లద్దాలు ఇంట్లో మరిచిపోయినందుకు తనను తాను తిట్టుకుంటూ, ఎదురుగా కూర్చున్న ప్రతి పిల్ల పేరు పక్కనా ఓపికగా టిక్కు పెట్టి, కింద ఉన్న ఆకుపచ్చ బటన్ నొక్కింది. ఫోన్ "పంపబడింది" అంది. ఆమె గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

ఇక మిగిలింది ప్రొజెక్టర్. అది బడి వెనుక సామాన్ల గదిలో ఉంటుంది. కిటికీలకు నల్ల చార్టులు అంటించి సార్ దాన్ని డిజిటల్ గదిగా మార్చాడు. పిల్లలను చప్పుడు లేకుండా అక్కడికి తీసుకుపోయి, తలుపు వేసి, ఫోన్‌ను ప్రొజెక్టర్‌కు కలిపింది. మధ్యలో ఎవరైనా ఫోన్ చేస్తే సినిమా ఆగిపోతుందని శిక్షణలో చెప్పారు కాబట్టి, కాల్స్ రాకుండా కూడా చేసింది. పాఠం పేరు సముద్రం. తెర నీలంగా వెలిగింది. పిల్లలు నోళ్లు తెరిచారు.

సరిగ్గా అప్పుడే కార్మికుల క్వార్టర్లలో ఫోన్లు మోగుతున్నాయి. "మీ బిడ్డ ఈ రోజు పాఠశాలకు రాలేదు. కారణం తెలుపగలరు."

రాత్రి షిఫ్టు దిగి అప్పుడే మంచమెక్కిన మొగిలిని భార్య కుదిపి లేపింది. "నీ కొడుకు బడికి పోలేదంట!"

"గదేంది? సదన్న వ్యాన్ల ఎక్కింది నేనే చూసిన గద!"

మొగిలి వ్యాన్ డ్రైవర్ సదయ్యకు ఫోన్ చేశాడు. సదయ్య పిల్లలను దింపి, టీ తాగి, ఎప్పటిలాగే వ్యాన్‌ను బడి వదిలేదాకా నిలిపే గ్రౌండు వైపు తిప్పుతున్నాడు. "గేటు కాడ్నే దింపిన మొగిలన్నా, అందర్నీ!" అంటూండగానే అతని ఫోన్ కూడా టింగుమంది. అతని కూతురు సహస్ర కూడా ఆ మూడో తరగతే. మెసేజ్ చదవగానే సదయ్య బ్రేకు తొక్కాడు. గ్రౌండు సంగతి మరిచి, వ్యాన్‌ను మళ్లీ బడి దారి పట్టించాడు.

వారం రోజులుగా పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా గురించి అందరి ఫోన్లలోనూ వీడియోలు తిరుగుతున్నాయి. మొదటి వీధిలో "పిల్లలు బడికి చేరలేదంట" అన్న మాట, రెండో వీధికి "తెల్ల కారు వచ్చిందంట" అయింది. కూరగాయల బజారు చేరేసరికి ఆ కారు మందమర్రి వైపు పోయింది, దాని వెనుక ఇంకో రెండు కార్లు పోయాయి. తల్లులు చెప్పులు లేకుండా పరుగెత్తారు. టీచరుకు ఎన్నిసార్లు ఫోన్ చేసినా జవాబు లేదు. "టీచర్ను సుత ఎత్కపోయిన్రు," అని ఒకరు ఏడుపు మొదలుపెట్టారు.

బడికి వచ్చిన జనాన్ని చూసి వేణుమాధవ్ సార్ బిత్తరపోయి మూడో తరగతి గదికి పరుగెత్తాడు. గది ఖాళీగా ఉంది. బల్లల మీద బ్యాగులున్నాయి, పిల్లలు లేరు.

"ఇగో, ఇప్పుడే ఈడ్నే ఉండె..." అన్నాడాయన. అంతే, గోడ పట్టుకుని కింద కూర్చున్నాడు; ఆ కంగారులో తను తయారుచేసిన డిజిటల్ గది సంగతే గుర్తు రాలేదు.

మొగిలి గది గదీ వెతుకుతూ వెనక్కి వెళ్లాడు. సామాన్ల గది తలుపు మూసి ఉంది. కిటికీలకు నల్ల కాగితాలున్నాయి. చెవి పెట్టి విన్నాడు. లోపల ఏదో పొడుగ్గా, బొంగురుగా మూలిగింది. తెర మీద తిమింగలం పాడుతోందని అతనికెలా తెలుస్తుంది?

"ఇక్కడున్నరే! లోపల ఎవలో మూల్గుతాండ్రు! సబ్బల తేండ్రి, తలుపు పగలగొడ్దాం!"

ఆ కేక లోపల తిరుమలకు వినిపించింది. తర్వాత వందమంది అరుపులు. ఆమె కూడా ఆ వీడియోలన్నీ చూసింది. ముఠా వచ్చేసిందనుకుంది. గబగబా గడియ పెట్టి, తలుపుకు బెంచీ అడ్డం లాగింది. దాని మీద ఇంకో బెంచీ ఎక్కించింది. పిల్లలను మూలకు చేర్చి, "సప్పుడు చెయ్యకుండ్రి బిడ్డా, టీచర్ ఉన్నది గద," అని గుసగుసగా చెప్పింది. ఆమె పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. అయినా పొడుగు స్కేలు చేతబట్టి తలుపుకు ఎదురుగా నిలబడింది.

గడియ పడిన శబ్దం బయటివాళ్లకు వినిపించింది. ఇక సందేహం ఎవరికుంటుంది? "లోపల్నుంచి గొళ్లెం పెట్టిండు దొంగ!"

ఎవరో తెచ్చిన ఇనుప సబ్బల మూడో దెబ్బకు తలుపు ఊడింది. బెంచీలు కూలాయి. నీలం వెలుగులో స్కేలు గాలిలోకి లేచి మొగిలి నెత్తిన పడింది.

"అయ్యో! మొగిలన్నా, నువ్వా?"

"టీచరమ్మా, నువ్వా?"

పిల్లలు ఒక్కసారిగా బావురుమన్నారు. తల్లులు లోపలికి దూసుకొచ్చి ఎవరి పిల్లలను వాళ్లు వాటేసుకున్నారు. ఏడుపులు తగ్గాక కోపం వచ్చింది. వేణుమాధవ్ సార్ చొక్కా దులుపుకుంటూ వచ్చి, మొదట విరిగిన తలుపును, తర్వాత తిరుమలను చూశాడు.

"రాలేదని మెసేజ్ ఎందుకు పెట్టిన్రు మేడం? రేపట్నుంచి మీరు రాకుంటే మంచిది."

"వచ్చినోళ్లకు టిక్కు పెట్టిన సార్," అంది ఆమె, ఏడుపు ఆపుకుంటూ. సార్ ఆమె ఫోన్ లాక్కుని యాప్ తెరిచాడు. రాని పిల్లల పేర్లకు మాత్రమే టిక్కు పెట్టాలని పైన సన్నని అక్షరాల్లో రాసి ఉంది. జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్వు అందరికీ పాకింది. మొగిలి తల తడుముకుంటూ తనూ నవ్వాడు.

తిరుమల ఒక్కతే నవ్వలేదు. వచ్చినవాళ్లందరికీ రాలేదని వెళ్తే, తను టిక్కు పెట్టని పేరుకు ఏమని వెళ్లింది? ఆ పేరు మహెజబీన్‌ది. ఆ పిల్ల పొద్దున బడికి రాలేదు. జ్వరమేమో అనుకుంది. సార్ చేతిలోంచి ఫోన్ తీసుకుని, ఆ పిల్ల తల్లి షహజాదీ బేగంకు కలిపింది. స్పీకర్‌లో అవతలి కుట్టుమిషన్ చప్పుడు అందరికీ వినిపించింది.

"మహెజబీన్ ఇంట్లనే ఉందా అమ్మా?"

"ఇంట్లెందుకుంటది టీచర్? సదయ్య అన్న వ్యాన్ల ఎక్కిచ్చిన. క్షేమంగ చేరిందని మీరే గద మెసేజ్ పెట్టిన్రు. ఫికర్ లేదనుకున్న."

నవ్వులు ఆగిపోయాయి. అందరూ సదయ్య వైపు తిరిగారు.

"దింపిన... అందర్నీ దింపిన..." అన్నాడు సదయ్య.

అందరికన్నా ముందు తిరుమలే పరుగెత్తింది. గేటు ముందు ఎండలో వ్యాన్ అద్దాలన్నీ మూసి ఉన్నాయి. సదయ్య చేతిలో తాళంచెవి రెండుసార్లు జారిపడింది. మూడోసారి పడేలోగా మొగిలి సబ్బలతో అద్దం పగలగొట్టాడు. తిరుమల చెయ్యి లోపలికి పెట్టి తలుపు తీసింది. లోపలి నుంచి వేడి సెగ ముఖానికి కొట్టింది. చివరి సీటు కింద, బ్యాగు తలకింద పెట్టుకుని మహెజబీన్ ముడుచుకుని పడుకుంది. ముఖం కందగడ్డలా ఉంది. యూనిఫాం చెమటతో ముద్దయింది. తిరుమల ఆ పిల్లను ఎత్తుకుని నీడలోకి పరుగెత్తి, నెత్తిన నీళ్లు పోసింది.

మహెజబీన్ కళ్లు తెరిచింది. చుట్టూ నిలబడ్డ వందమందినీ చూసింది.

"టీచర్, బడి అయిపోయిందా?"

సదయ్య నేల మీద కూలబడ్డాడు. "ఆ మెసేజ్ రాకుంటే బండి గ్రౌండుల పెట్టి ఇంటికి పోయి పండుకునేటోన్ని. మళ్ల బడి ఇడిసేటప్పుడే తీసేటోన్ని," అని ఏడ్చాడు. ఒంటిపూట బడి వదిలే వేళకు గోదావరిఖని ఎండ ఎలా ఉంటుందో అక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలుసు.

పిల్లను దవాఖానకు తీసుకుపోయారు. భయం లేదని డాక్టరు చెప్పాక, పరుగున వచ్చిన షహజాదీ బేగం తిరుమల రెండు చేతులూ పట్టుకుని వదల్లేదు. వేణుమాధవ్ సార్ పక్కన నిలబడి చాలాసేపు గొంతు సవరించుకున్నాడు.

"రేపు... జల్ది రాండ్రి మేడం," అన్నాడు చివరికి.

తిరుమల టీచర్ ఇప్పుడు కళ్లద్దాలు పెట్టుకుని యాప్‌లో తప్పు లేకుండా హాజరు వేస్తోంది. తల్లిదండ్రులు మాత్రం ఏ మెసేజ్ వచ్చినా బడిదాకా వచ్చి ఒకసారి చూసి పోతున్నారు.